నల్లా నీళ్ళతో ముప్పై ఏడేళ్ళు

1988లో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి మెహదీపట్నంలో అద్దెకు దిగిన రోజు ఇంటి ఓనరమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "గండిపేట నీళ్ళు తాగుతున్నవ్ బాబూ, ఇంక మీ ఊరికి పోవు" అంది. నిజంగానే పోలేదు. ఫోనుకీ ఫ్రిజ్‌కీ రివ్యూలు రాస్తున్నాం కదా, ఇన్నేళ్ళు రోజూ వాడిన నల్లాకు ఎందుకు రాయకూడదనిపించింది.

మా తెనాలిలో దాన్ని కుళాయి అంటాం. ఇక్కడికొచ్చాక నల్లా అయింది. తెల్లవారుజామున అది బుస్సుమని గాలి వదిలితే చాలు, వాడకట్టంతా బిందెలతో లేచేది. ఆ నీళ్ళ గురించి పాతవాళ్ళు చెప్పేదాంట్లో గొప్పలు తక్కువే. కందిపప్పు ఇట్టే ఉడికేది, సబ్బు బాగా నురగొచ్చేది. దాని విలువ తర్వాత బోరు నీళ్ళు వాడినప్పుడు తెలిసింది.

అసలు గండిపేట చెరువు కథ మొదలైంది వరదతో. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. మళ్ళీ అలా జరక్కుండా దారి చెప్పమని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఊరికి పైన నీటిని ఆపమన్నారు. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట, 1927లో ఈసీ నది మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. గండిపేట ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళు మోటారు అక్కర్లేకుండా వాటంతట అవే ఆసిఫ్‌నగర్‌లో నీళ్ళు వడగట్టే ఫిల్టర్ బెడ్లకు చేరేవి. ఇంత చవకైన నీళ్ళు ఆ తర్వాత ఈ ఊరికి మళ్ళీ రాలేదు.

నేనొచ్చిన మరుసటి ఏడే, 1989 నవంబరు 1న, ఊరి నీళ్ళూ మురుగూ చూసే జలమండలి ప్రత్యేక చట్టంతో ఏర్పడింది. దాని పూర్తి పేరులో నీటి సరఫరా ముందు, మురుగు పారుదల తర్వాత ఉంటాయి. నా లెక్కలో మార్కులు కూడా ఆ వరసలోనే పడతాయి.

1996లో కూకట్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాం. అప్పట్లో అది వేరే మున్సిపాలిటీ. కొన్నేళ్ళు బోరే దిక్కు. గీజర్ కాయిల్‌కు సున్నంలా పొర పట్టేది, పప్పు రెండు రెట్లు విజిళ్ళు తీసుకునేది, ఎండాకాలం ట్యాంకర్ల కోసం పోట్లాటలు. నల్లా వచ్చిన రోజు మా ఆవిడ నిజంగానే కొబ్బరికాయ కొట్టింది. మాకొచ్చింది మంజీర నీళ్ళు. మంజీర నది నుంచి నీళ్ళు తెచ్చే మొదటి దశ 1965 నాటిది, అదే నది మీది సింగూరు జలాశయం నీళ్ళు 1990ల్లో తోడయ్యాయి. అవీ చాలక 2004లో కృష్ణా నీళ్ళ మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. ఊరు పెరిగినకొద్దీ నీళ్ళ కోసం ఇంకాస్త దూరం పోవడమే ఈ కథంతా. పైగా ఆ కృష్ణా నీళ్ళు వచ్చే నాగార్జునసాగర్‌లో మట్టం 510 అడుగుల కిందికి పోతే అత్యవసర పంపింగ్ పెట్టాలి. వేసవిలో పేపర్లో ఆ అంకె చూడటం నాకిప్పటికీ అలవాటు.

2016 వేసవి మర్చిపోలేను. సింగూరు ఎండింది, మంజీర ఎండింది, జంట జలాశయాలు గండిపేట, హిమాయత్ సాగర్ కూడా ఎండాయి. నాలుగూ ఒకేసారి. ఇంట్లో టెన్షన్, రెండు డ్రమ్ములు కూడా కొన్నాం. సరిగ్గా ఆ సమయానికే ఎల్లంపల్లి ప్రాజెక్టు నుంచి గోదావరి నీళ్ళు అందుకున్నాయి. దాదాపు 186 కిలోమీటర్ల నుంచి తోడుకొచ్చిన నీళ్ళు. అవే లేకపోతే ఊళ్ళు ఖాళీ చేసేవాళ్ళమేమో. నీళ్ళ విషయంలో నేను అయిదుకు నాలుగు వేయడానికి ఆ ఒక్క వేసవి చాలు.

2021 నుంచి మీటరు పెట్టించుకుని ఆధార్ జోడిస్తే నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు. ఇద్దరమే కాబట్టి మాకు సున్నా వస్తుంది. తీసుకుంటున్నాను కానీ, అంత దూరం నుంచి ఎత్తిపోసిన నీళ్ళు ఊరికే రావడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఒకసారి నీళ్ళు వాసనొచ్చాయి. అందర్నీ తిట్టుకున్నాక తవ్విస్తే తెలిసింది, ఇల్లు కట్టినప్పుడు మా ప్లంబరే నల్లా పైపును డ్రైనేజీ గుంత పక్కనుంచి లాగాడు. అది తుప్పు పట్టి చిల్లులు పడింది. నల్లా ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది, చుట్టూ ఉన్నది లోపలికి లాగేసుకుంటుంది. రోజు మార్చి రోజు నీళ్ళొచ్చే చోట పాత ఇనప పైపు ఉంటే మార్చేయండి, ఆలోచించొద్దు.

ఇక మురుగు. 1931లోనే భూగర్భ డ్రైనేజీ వచ్చిన ఊరు ఇది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధిచేసే కేంద్రముంది. అయినా మూసీ పక్కనుంచి బస్సులో పోతే ముక్కు మూసుకోవాల్సిందే. గోదావరిని తెచ్చిన పట్టుదల వాడిన నీళ్ళను శుభ్రం చేయడంలో చాలా ఏళ్ళు కనపడలేదు. 2021లో ఒకేసారి 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేశారంటేనే ఎంత వెనకబడ్డామో తెలుస్తుంది. దీనికి రెండున్నర. తప్పంతా జలమండలిదే అననులెండి. మా గల్లీ మ్యాన్‌హోల్ పొంగితే మురుగు లాగే ఎయిర్‌టెక్ బండి వచ్చి లాగింది, లోపల్నుంచి దిండు గలీబు, పాత చీర బయటపడ్డాయి. ఆ చీర ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు: బిల్లు మీద క్యాన్ నంబరు, అంటే మన నల్లా ఖాతా నంబరు, ఫొటో తీసి పెట్టుకోండి, జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కి ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతారు. సంపు ఆర్నెల్లకోసారి కడిగించండి. నల్లా వదిలిన మొదటి బకెట్‌లో కాస్త ఎర్రమట్టి వస్తుంది. మా ఆవిడ దాన్ని ఇప్పటికీ కరివేపాకు చెట్టుకే పోస్తుంది.