శ్రవణబెళగొళ: గోమటేశ్వరుడి దగ్గర గంట చాలదు

బెంగళూరు నుంచి బేలూరు, హళేబీడు, శ్రవణబెళగొళ మూడూ ఒకే రోజులో చూపించే ప్యాకేజీలు చాలా ఉన్నాయి, దయచేసి వాటిలో వెళ్ళకండి. ఆ బస్సుల వాళ్ళు శ్రవణబెళగొళ కొండ మీది జైనుల మహావిగ్రహం గోమటేశ్వరుడికి ఇచ్చే టైమ్ మహా అయితే గంటా గంటన్నర, అందులో సగం కొండ ఎక్కడానికే పోతుంది, పైన ఆయాసం తీరకముందే కిందకి రమ్మని ఫోన్లు మొదలు. సొంతంగా వెళ్ళండి. బెంగళూరు-హాసన్ రైలు మార్గంలో ఊరి పేరుతోనే స్టేషన్ ఉంది, బస్సయితే చన్నరాయపట్టణలో మారాలి.

విగ్రహం ఉన్న కొండ వింధ్యగిరికి తెల్లవారగానే బయల్దేరాలి. బండలోనే తొలిచిన మెట్లు 600కు పైగా ఉంటాయి, చెప్పులు కిందే వదిలేయాలి, నీడ దాదాపు లేదు, ఎండెక్కాక ఆ రాయి మీద అరికాలు పెట్టలేం. సాక్సులు వేసుకుంటే నయం. పెద్దవాళ్ళకి డోలీలు దొరుకుతాయి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని మొహమాటపడకుండా అందులో కూర్చోబెట్టండి.

ఇక విగ్రహం. ఎత్తు 57 అడుగులు. దీన్ని ఎక్కడి నుంచో తెచ్చి నిలబెట్టలేదు, కొండ కొసన ఉన్న బండనే పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. గంగవంశపు రాజు రాచమల్లుడి మంత్రి, సేనాని చావుండరాయుడు 981 ప్రాంతంలో చేయించాడు. తొడల నుంచి పైకి వెనకాల ఏ ఆసరా లేదు, వెయ్యేళ్ళుగా ఎండావానల్లో అలాగే నిలబడి ఉంది. అందరూ మెడ ఎత్తి ముఖం చూసి, ఫోటో దిగి వెళ్ళిపోతారు, నేనైతే చూపు కిందికి దించమంటాను. కాళ్ళకి రెండు పక్కలా పుట్టలు, వాటిలోంచి తలలు బయటపెట్టిన పాములు, అక్కడి నుంచి మాధవీలత తొడలు చుట్టుకుని చేతుల మీదుగా భుజాల దాకా పాకుతుంది, ఆకు ఆకుకీ విడిగా ఉలి పెట్టినట్టు తెలుస్తుంది. అన్న భరతుడితో జరిగిన దృష్టి, జల, మల్ల యుద్ధాలు మూడూ గెలిచి, గెలిచిన రాజ్యం వదిలేసి ఏడాది పాటు కదలకుండా తపస్సులో నిలబడిన బాహుబలి ఈయన, ఆ ఏడాది మొత్తం ఆ తీగలోనే ఉంది! పాదాల దగ్గరే శాసనాలు కూడా ఉన్నాయి, చావుండరాయుడు చేయించాడని కన్నడ, తమిళ, మరాఠీల్లో.

ఎదురుగా ద్వారం బయట చిన్న ముసలావిడ విగ్రహం ఉంటుంది, గుల్లకాయజ్జి. చావుండరాయుడు బిందెలకొద్దీ పాలు పోసినా అభిషేకం కిందిదాకా రాలేదట, ఈ అవ్వ కాయడొప్పలో తెచ్చిన కాసిని పాలతో పాదాల దాకా తడిసిందట. అంతటి మంత్రి చేయించిన చోట ఆమెకీ విగ్రహం పెట్టారు చూడండి, నాకు ఈ క్షేత్రంలో బాగా నచ్చిన విషయం అదే.

మన వాళ్ళకి ఇంకో సంగతి. బాహుబలి రాజధాని పౌదనపురం, అక్కడ భరతుడు పెట్టించిన పెద్ద విగ్రహం చూడాలని చావుండరాయుడి తల్లి కోరుకుంటే, దాన్ని చేరడం కుదరక ఇక్కడ దీన్ని చేయించాడని కథ. ఆ పౌదనపురం మన నిజామాబాద్ జిల్లా బోధనే అని చరిత్రకారులు చాలామంది అంటారు. నిజామాబాద్ వాళ్ళు ఇక్కడికి రావడానికి ఈ ఒక్క కారణం చాలు.

దిగాక అలసిపోయామని ఎదుటి చంద్రగిరిని మాత్రం వదిలేయకండి. చిన్న కొండ, జనం తక్కువ. చంద్రగుప్త మౌర్యుడు గురువు భద్రబాహు వెంట ఇక్కడికే వచ్చి, సల్లేఖన వ్రతంతో, అంటే తిండి క్రమంగా మానేసి, ప్రాణం విడిచాడని జైనులు నమ్ముతారు. చంద్రగుప్త బసది అనే జైన గుడిలో రాతి జాలీ మీద ఆ గురుశిష్యుల కథంతా చిన్న చిన్న గళ్ళలో చెక్కారు, దగ్గరికెళ్ళి గడి గడీ చూడాలి. బండల మీద పాత కన్నడ అక్షరాలు కనిపిస్తాయి, ఇక్కడ ఉపవాసంతో కన్నుమూసిన వాళ్ళ జ్ఞాపకంగా చెక్కినవే ఎక్కువ, వాటి మీద కాలు పెట్టకండి, పిల్లలకీ చెప్పండి.

భోజనం జైన భోజనశాలలో చేయండి, ఉల్లి వెల్లుల్లి లేకుండా శుభ్రంగా పెడతారు, కానీ పొద్దు గూకాక వడ్డించరు కాబట్టి ముందే వెళ్ళాలి. విగ్రహానికి తల మీది నుంచి చేసే మహామస్తకాభిషేకం పన్నెండేళ్ళకోసారి, కిందటిది 2018లో అయింది, అంటే లెక్కప్రకారం మళ్ళీ 2030లో. ఆ వైభవం చూడాలనుంటే అప్పుడు సరే, పాదాల దగ్గర తీరిగ్గా నిలబడాలంటే మాత్రం మామూలు రోజుల్లో, అదీ పండగ సెలవులు కాని వారం చూసుకుని వెళ్ళండి.