నాలుగు సీజన్లు కయాక్ మీద ఫిష్ ఫైండర్: కింద నుంచి లేచే ఆ గీత కోసం

ఫిష్ ఫైండర్ అంటే నీళ్ళలోకి శబ్దం పంపి, అడుగునీ చేపల్నీ స్క్రీన్ మీద గీతలుగా చూపించే పరికరం. దాని స్పెక్స్ అన్నీ డబ్బా మీదే ఉంటాయి, ఏడంగుళాల స్క్రీన్, చర్ప్ సోనార్, జీపీఎస్, అవన్నీ మళ్ళీ రాయను. నాలుగు సీజన్లు వాడాక నాకు చెప్పాలనుంది ఒక్క దాని గురించే, లేక్ ట్రౌట్ అనే చల్లనీళ్ళ చేప మన జిగ్ (బరువైన తల ఉన్న గాలం ఎర) వెంటపడి పైకి రావడం ఆ స్క్రీన్ మీద కనిపిస్తుంది చూడండి, దాని గురించి.

నేనుండేది న్యూయార్క్ స్టేట్‌లో రోచెస్టర్ దగ్గర, వెళ్ళేది ఎక్కువగా సెనెకా లేక్‌కి. బాగా లోతైన చోట 618 అడుగులు ఉంటుంది. జూలై వచ్చేసరికి పైనీళ్ళు వేడెక్కిపోతాయి, లేక్ ట్రౌట్‌కేమో 10 డిగ్రీల చల్లదనం కావాలి, అందుకని 80, 100 అడుగుల్లోకి దిగిపోయి అడుగునే అంటిపెట్టుకుని ఉంటుంది. పెద్ద బోట్లున్నోళ్ళు డౌన్‌రిగ్గర్లు, అంటే బరువు కట్టి ఎరని లోతుకి దించే సరంజామా, వేసుకుని ట్రోలింగ్ చేస్తారు, బోటు నడుపుతూ ఎర లాగుతారన్నమాట. కాళ్ళతో తొక్కే సన్నటి చిన్న పడవ, పెడల్ కయాక్‌లో నాకు కుదిరేది ఒకటే, చేప నెత్తిన నిలబడి ముప్పావు ఔన్సు తెల్ల ట్యూబ్ జిగ్ నిటారుగా దించడం.

జిగ్ దిగుతుంటే స్క్రీన్ మీద సన్నగీత ఏటవాలుగా కిందకి పోతుంది. అడుగు తగలగానే లైను సడలుతుంది, అప్పుడు చుట్టడం మొదలెడతాం. రెండు మూడు చుట్లకి అడుగు నుంచి ఇంకో గీత, లావుది, విడిపడి పైకి లేస్తుంది! మొదటి ఏడాది అది కనపడగానే నేను చుట్టడం ఆపేసేవాణ్ణి, పాపం తిననిద్దాం అని, చిన్నప్పుడు కొల్లేరు కాలవల మీద గాలమేసి బెండు వంకే చూస్తూ కదలకుండా కూర్చున్న అలవాటు కదా. ఆపితే ఆ లావు గీత కూడా ఆగి, మెల్లగా కిందకి జారిపోయేది. తర్వాత అర్థమైంది, దీనికి పారిపోయేది కావాలి, చేప దగ్గరకొచ్చేకొద్దీ ఇంకా గబగబా చుట్టాలి, అప్పుడు అది కూడా ఊపందుకుని 50, 60 అడుగులు వెంటపడి వచ్చి మరీ అందుకుంటుంది. రెండు గీతలూ కలిసిన క్షణాన రాడ్ వంగుతుంది. బెండు బుడుంగుమన్నప్పుడు గుండె ఎలా ఝల్లుమనేదో ఇప్పటికీ అలాగే అవుతుంది, నిజం.

చేప పైకొచ్చేముందు కయాక్ పక్కన బుడగలు తేలతాయి. లేక్ ట్రౌట్ తన గాలితిత్తిలో గాలిని నోట్లోంచి వదిలేసుకోగలదు, అందుకే అంత లోతు నుంచి తీసినా త్వరగా వదిలేస్తే చాలావరకు తిరిగి దిగిపోతుంది. నేను చిన్నవి ఒకటో రెండో తెచ్చుకుంటా. కొవ్వున్న చేప, వేపుడు కంటే చింతపండు పులుసే బాగుంటుంది, మర్నాటికి ఇంకా.

ఇక మూడో ఏడాది అక్టోబర్ సంగతి. సాంప్సన్ స్టేట్ పార్క్ దగ్గర కయాక్ దించా, ఒక్కణ్ణే. 90 అడుగుల్లో ఒక మంచి గీత లేచింది, 40 అడుగుల దాకా వచ్చింది, స్క్రీన్ ఆరిపోయింది. మళ్ళీ దానంతటదే ఆన్ అయింది, అర నిమిషంలో మళ్ళీ ఆరిపోయింది. అలా నాలుగైదు సార్లు. చలికి బ్యాటరీ పడిపోయుంటుందనుకున్నా, 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ నాది. ముందుకు వంగి హ్యాచ్ తీసి వైర్లు కదుపుతూ కూర్చున్నా, ఎంతసేపో గుర్తులేదు. తలెత్తి చూస్తే నేను దిగిన చోటు ఎక్కడో వెనక్కి పోయింది, దక్షిణం గాలి మొదలైపోయి నీళ్ళ మీద తెల్లనురగలు. ఈ సరస్సు ఉత్తరం దక్షిణంగా 38 మైళ్ళ పొడవు, దక్షిణం గాలి పట్టిందంటే అల పెరగడానికి అంత చోటు దొరుకుతుంది. ఎదురుగాలికి పెడల్ తొక్కుతూ మైలు వెనక్కి రావడానికి దాదాపు గంట పట్టింది, పిక్కలు పట్టేశాయి, ఒళ్ళంతా తడి. ఇక్కడ 21 అడుగుల లోపు బోట్లలో నవంబర్ 1 నుంచి మే 1 వరకు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని రూలు, మా ఆవిడ మాట మీద నేను జూలైలో కూడా వేసుకుంటా, ఆ రోజు ఆ మాట విన్నందుకు చాలా సంతోషించా.

ఇంటికొచ్చి మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.7 చూపించింది. అయినా అనుమానంతో లిథియం బ్యాటరీ కొన్నా, అంత డబ్బు పోసి, తర్వాతి ట్రిప్పులోనూ అదే తంతు. అప్పుడు పవర్ కేబుల్ చివర ప్లాస్టిక్ తొడుగు వెనక్కి లాగి చూశా. లోపల టెర్మినల్ పచ్చగా చిలుము పట్టిపోయింది, రాగి పోగుల్లో రెండో మూడో మిగిలున్నాయి, చేత్తో తాకితే అవీ ఊడొచ్చాయి. కయాక్‌లో నీళ్ళు పడతాయని తెలిసి అమ్ముతూ అక్కడ మామూలు టెర్మినల్ ఇవ్వడం నాకు మాత్రం తప్పనిపించింది. కట్ చేసి కొత్తది క్రింప్ చేసి (నొక్కి బిగించి), హీట్ ష్రింక్ ట్యూబ్ వేసి గ్రీజు పూశా, అరగంట పని.

మొదటి ఏడాది కనపడిన ప్రతి ఒక్కరికీ కళ్ళు మూసుకుని కొనుక్కోండని చెప్పా. ఇప్పుడలా చెప్పను. స్క్రీన్ బాగున్నంతసేపూ మన కళ్ళు దాని మీదే ఉంటాయి, ఆకాశం మీద ఉండవు. ఇప్పుడు ప్రతి జిగ్ దించేముందు ఒడ్డున గుర్తు పెట్టుకున్న చెట్టు వైపు ఓసారి చూస్తా. ఇంకోటి, నాది 20 డిగ్రీల కోన్, అంటే శబ్దం కిందకి గరాటులా అంత కోణంలోనే పరుచుకుంటుంది, 100 అడుగుల లోతులో అది చూసేది 35 అడుగుల మేరే. కొంచెం గాలేస్తే కయాక్ ఒకవైపు జిగ్ ఒకవైపు పోయి మన గీతే మాయమైపోతుంది, అప్పుడు ఆ ఏడంగుళాలూ ఉన్నా లేనట్టే. చేప ఉందని చూపిస్తుంది గానీ తింటుందని కాదు, కొన్ని పొద్దుల్లో పది గీతలు లేచి పదీ వెనక్కి పోయాయి.

కాబట్టి నాలాగా శనివారాలు ఒక్కళ్ళే, ఎండాకాలం, లోతులో జిగ్గింగ్ చేసేవాళ్ళకైతే నా వరకు ఇది లేకుండా వెళ్ళబుద్ధి కాదు. మే నెలలో చేప ఒడ్డు దగ్గరకొచ్చినప్పుడే వెళ్తానంటే అంత ఖర్చు అక్కర్లేదు. మా ఫ్రెండ్‌కి 14 అడుగుల అల్యూమినియం బోటుంది, బోటు ముందుభాగాన ఉండే ట్రోలింగ్ మోటార్ అనే చిన్న కరెంటు మోటార్ దాన్ని ఒకే చోట నిలబెడుతుంది, ఇదే మోడల్ వాడి దగ్గర నాకంటే బాగా పనికొస్తోంది, మోకాళ్ళు మొరాయించేనాటికి నేనూ అటే పోతానేమో.

ఈ ఏప్రిల్‌లో కయాక్ దించేముందు టెర్మినల్స్ మళ్ళీ విప్పి చూశా. ఒకదాని అంచున కొంచెం పచ్చదనం మొదలైంది, గీకేసి మళ్ళీ గ్రీజు పెట్టా.