రైజెన్ 7 5800ఎక్స్3డీ: సర్వర్ నుంచి ఇంటికొచ్చిన ప్రాసెసర్

పాత ఏఎం4 బోర్డు (ఏఎండీ ప్రాసెసర్ల పాత తరం సాకెట్ ఉన్న మదర్‌బోర్డు) ఉండి, గేమ్స్ బాగా ఆడేవాళ్లకు ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీని మించిన అప్‌గ్రేడ్ లేదన్నది నా అభిప్రాయం. వీడియో ఎడిటింగ్ కోసమే అయితే మాత్రం వద్దు.

నేను హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్ ఇంజనీర్‌ని. డిజైన్ ఫ్యాబ్‌కి, అంటే చిప్‌లు తయారయ్యే ఫ్యాక్టరీకి వెళ్లకముందే దాన్ని సిమ్యులేషన్‌లో పరీక్షించడం మా పని. ఆ సిమ్యులేషన్లకు క్యాష్ మెమరీ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఎంత ఉంటే అంత మంచిది. డేటా అందులో పట్టకపోతే ప్రాసెసర్ ర్యామ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇలాంటి పనుల కోసమే ఏఎండీ 2022 మార్చిలో మిలాన్-ఎక్స్ అనే ఎపిక్ సర్వర్ ప్రాసెసర్లు తెచ్చింది. ఎనిమిది కోర్లుండే చిప్లెట్ (ప్రాసెసర్‌లో ఒక భాగంగా అమర్చే చిన్న చిప్) మీద 64 ఎంబీ క్యాష్ ముక్కను నేరుగా అతికించారు. కింద ముందే ఉన్న 32తో కలిపితే 96 ఎంబీ. సర్వర్ ప్రాసెసర్‌లో అలాంటి చిప్లెట్లు ఎనిమిది, మొత్తం 768 ఎంబీ. గేమ్స్‌కూ ఎక్కువ క్యాష్ కలిసొస్తుంది కాబట్టి, మరుసటి నెలలోనే అలాంటి చిప్లెట్ ఒక్కటి పెట్టి, 449 డాలర్లకు 5800ఎక్స్3డీగా మనకు అమ్మారు.

2019లో జెన్ 2 తరం ప్రాసెసర్లు వచ్చినప్పటి నుంచీ వాళ్ల దారి ఇదే. కోర్లుండే చిప్లెట్‌ను ఒక్కసారి డిజైన్ చేసి ఇంటి రైజెన్‌లోనూ, సర్వర్ ఎపిక్‌లోనూ వాడతారు. మెమరీ, ఇతర కనెక్షన్లు చూసుకునే ఐఓ డై మాత్రం వేరు. కొత్త చిప్ డిజైన్‌కి ఎంత ఖర్చవుతుందో దగ్గర్నుంచి చూసినవాణ్ణి కాబట్టి ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం. డై, అంటే సిలికాన్ ముక్క, చిన్నది కావడంతో పాడయ్యేవి తక్కువ. బాగా వచ్చినవాటిని గిరాకీ ఎక్కడుంటే అక్కడికి పంపొచ్చు.

నాకు నచ్చనిది కూడా ఇక్కడే ఉంది. ఇదే తరంలోని చవక మోడల్ రైజెన్ 5 5600ఎక్స్ 2020 నవంబర్‌లో 299 డాలర్లకు వచ్చింది. 199 డాలర్ల 5600 కోసం 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. చిప్‌ల కొరత ఉన్న ఆ రోజుల్లో తయారైన సరుకు ముందు సర్వర్లకూ, ఖరీదైన మోడళ్లకూ వెళ్లిందనే నా నమ్మకం. 2024లో ఏఎండీకి డేటా సెంటర్ల నుంచి 1,260 కోట్ల డాలర్లు వస్తే, పీసీ ప్రాసెసర్ల విభాగం నుంచి వచ్చింది 710 కోట్లు. అలాంటప్పుడు తక్కువ బడ్జెట్‌వాళ్లు వరుసలో చివర నిలబడాల్సి వస్తోంది, అది బాధగానే ఉంటుంది.

ఇక బిగించడం. నాది బీ450 అనే ఏఎం4 బోర్డు, అందులో రైజెన్ 5 2600 ఉండేది. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (బోర్డును నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేయాలి, లేకపోతే కొత్తది పెట్టాక స్క్రీన్ మీద ఏమీ రాదు. అసలు టెన్షన్ కూలర్ తీయడం దగ్గర. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన థర్మల్ పేస్ట్ గట్టిగా పట్టేస్తుంది కాబట్టి కూలర్‌ను పైకి లాగితే, లాక్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేయొచ్చు. అందుకే కాసేపు గేమ్ నడిపి వేడెక్కనిచ్చి, పవర్ ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీశాను. ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉండిపోయింది.

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగేటప్పుడు ఇదివరకు బొమ్మ ఆగి ఆగి కదిలేది. గ్రాఫిక్స్ కార్డు మార్చకుండానే ఇప్పుడు రన్‌వే దాకా సాఫీగా వస్తోంది. వీడియో ఎక్స్‌పోర్ట్‌లో మాత్రం మామూలు 5800ఎక్సే కాస్త ముందుంటుంది. దాని స్పీడు 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తే, ఇది 4.5 దగ్గరే ఆగిపోతుంది. పైన అదనపు సిలికాన్ ఉండటంతో కోర్ల వేడి త్వరగా బయటికి రాదు. ఓవర్‌క్లాకింగ్‌కు (స్పీడును మనమే పెంచుకోవడానికి) వీల్లేకుండా లాక్ చేశారు. డబ్బాలో కూలర్ ఉండదు, లోపల గ్రాఫిక్స్ కూడా లేదు. మన ఎండాకాలంలో ఏసీ లేని గది అయితే మంచి టవర్ కూలర్‌కు వేరే డబ్బు పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటట్టయితే డబ్బులిచ్చే ముందే ప్రాసెసర్‌ను తిరగేసి, ఫోన్ లైటు పక్కనుంచి వేసి పిన్నుల వరుసలు చూడండి. ఒక్కటి వంగినా తేడా కనిపిస్తుంది. వీలైతే అక్కడే బోర్డులో పెట్టించి, ర్యామ్ స్లాట్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.