గేమింగ్ పీసీ కట్టించుకుంటున్నారా? కొటేషన్‌లో "రైజెన్ 5" అని మాత్రమే రాసుంటే అడ్వాన్స్ ఇవ్వకండి

వైజాగ్‌లో గేమింగ్ కంప్యూటర్ కొనబోయే వాళ్లందరికీ ఈ సంగతి చేరాలని రాస్తున్నాను. ముఖ్యంగా ద్వారకానగర్, డాబాగార్డెన్స్ షాపులు తిరుగుతున్న బీటెక్ పిల్లలకీ, వాళ్ల వెనక డబ్బు పట్టుకుని వెళ్లే ఇంట్లో వాళ్లకీ. మేం 68,500 రూపాయలు పోసి కొన్న మెషిన్ ఏడు వారాలకి కాలిపోయింది. షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. పేరు కంటే వాళ్లు చేసిన పద్ధతి తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఆ పద్ధతి ఎక్కడైనా ఎదురుకావచ్చు.

మాది గాజువాక. తమ్ముడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. వాడికి ఆటలతో పాటు త్రీడీ పని మీద కూడా పిచ్చి. చీటీ పాడగా వచ్చిన డబ్బుతో కొనిస్తానని మాటిచ్చాను. మూడు నెలలు వీడియోలు చూసి, నోట్‌బుక్‌లో ఒక్కో పార్టూ రాసుకున్నాడు. ప్రాసెసర్ రైజెన్ 5 5600 (రైజెన్ 5 అనేది వరుస పేరు, 5600 అందులో ఒక మోడల్), బీ550 మదర్‌బోర్డు, ఎనిమిదేసి జీబీల ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, మంచి కంపెనీ ఎస్ఎంపీఎస్, అంటే అన్ని పార్టులకీ కరెంటు ఇచ్చే డబ్బా. వాడి లెక్కలో తప్పేం లేదు. తప్పంతా ఆ నోట్‌బుక్‌కీ, షాపాయన రాసిచ్చిన కాగితానికీ మధ్యలో జరిగింది.

ఆ కాగితంలో ఏముందో చూడండి: "రైజెన్ 5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్స్ ఎస్ఎంపీఎస్, ఆర్‌జీబీ కేబినెట్, మానిటర్". అంతే. తమ్ముడు "5600 ఏ కదండీ?" అని అడిగాడు. "అదే బాబూ, రైజెన్ 5 అంటే అదే" అన్నారు. బిల్లు కావాలంటే పద్దెనిమిది శాతం జీఎస్టీ అదనమనీ, వద్దంటే ఇదే రేటనీ చెప్పారు. పన్నెండు వేలు మిగులుతాయి కదా అని నేను వద్దన్నాను. ఆ నిర్ణయం నాదే, తమ్ముడిది కాదు.

సాయంత్రం వెళ్లేసరికి మెషిన్ తయారుగా ఉంది. అద్దం వెనక రంగురంగుల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వాడి మొహం చూస్తే నాకు ఇంకేం అడగబుద్ధి కాలేదు. బాక్సులేవని అడిగితే గోడౌన్‌లో ఉన్నాయి, రేపు పంపిస్తామన్నారు. ఆ రేపు ఇప్పటికీ రాలేదు.

ఇక్కడ ఒక్క విషయం నిదానంగా ఆలోచించండి. కంప్యూటర్‌లో బిగించేశాక కంటికి కనపడనిది ముఖ్యంగా ప్రాసెసర్. ర్యామ్ కనిపిస్తుంది, కార్డు కనిపిస్తుంది, ఫ్యాన్లు కనిపిస్తాయి. ప్రాసెసర్ మీద మాత్రం వేడి లాగే పేస్టు పూసి, పైన కూలర్ పెట్టి, స్క్రూలు బిగిస్తారు. అందుకే దాన్ని బాక్సులో ఉండగానే చూడాలి. రైజెన్ 5000 సిరీస్ బాక్సుకి పక్కన చిన్న కిటికీ లాంటి కంత ఉంటుంది. అందులోంచి ప్రాసెసర్ మూత మీద చెక్కిన అక్షరాలు చదవొచ్చు. సీలు తీయకుండానే నంబరు తెలిసిపోతుంది. మీ ఎదుటే ఆ బాక్సు తెరిచి, మీ ఎదుటే బిగించమనండి. గంట కూర్చోవాల్సి వస్తుంది, కూర్చోండి.

ఇంటికి తెచ్చిన రాత్రే తమ్ముడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. "అన్నయ్యా, 5500 అని చూపిస్తోంది" అన్నాడు. మెమరీ దగ్గర చూస్తే నాలుగు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉంది. అంటే రెండు స్టిక్కుల బదులు ఒకే పదహారు జీబీ స్టిక్కు పెట్టారు. పొద్దున్నే ఫోన్ చేశాను. "రెండూ ఒకటే సార్, రెండిటికీ ఆరు కోర్లే. ఆ స్టాకు అయిపోయింది. పేస్టు రాసేశాక వాపసు తీసుకోం" అన్నారు. నేనే తమ్ముడికి సర్దిచెప్పాను, ఆరు కోర్లే కదరా, సర్దుకుందామని.

రెండూ ఒకటి కావు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు అనేవరకూ నిజమే. కానీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ, 5600లో 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. వంట చేసేటప్పుడు పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉండటానికీ, ఆవాలకోసారి జీలకర్రకోసారి లోపలి గదిలోకి వెళ్లి రావడానికీ ఎంత తేడానో, గేమ్‌లో క్యాష్‌కి అంత తేడా. ఊరికే నడిచేటప్పుడు తెలియదు. పదిమంది శత్రువులు ఒకేసారి తెర మీదకి వచ్చినప్పుడు బొమ్మ టక్కున ఆగి మళ్లీ కదులుతుంది. ఒకే ర్యామ్ స్టిక్కు ఉంటే ఆ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రాసెసర్‌కి మెమరీతో ఉన్న రెండు దారుల్లో ఒకటి మూసేసినట్టే. ఇంకొకటుంది. గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే దారిని పీసీఐఈ అంటారు. 5600 పీసీఐఈ 4.0 ఇస్తుంది, 5500 దగ్గర అది 3.0తో ఆగిపోతుంది. ఆ దారిలో ఆర్ఎక్స్ 6600 కార్డు వాడుకునేదే ఎనిమిది లేన్లు. 3.0లో ఒక్కో లేన్ వేగం సగమవుతుంది. బీ550 బోర్డుకి మేం ఎక్కువ డబ్బు పెట్టిందే ఆ 4.0 కోసం. అన్ని ఆటల్లోనూ ఇది కనపడదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ డబ్బు తీసుకున్నది దానికి, ఇచ్చింది దీన్ని.

ఇది సర్దుకుపోయే తేడా అనుకున్నాం. అసలు ప్రమాదం ఎస్ఎంపీఎస్‌లో ఉంది.

నెల తిరిగేసరికి గేమ్ ఆడుతుండగా మెషిన్ దానంతటదే ఆగిపోవడం మొదలైంది. సినిమా చూస్తే ఆగదు, బ్రౌజర్‌లో ఆగదు, గేమ్‌లోనే ఆగుతుంది. షాపుకి ఫోన్ చేస్తే విండోస్ అప్‌డేట్ చేసుకోండి అన్నారు. ఇది ఎవరికైనా జరుగుతుంటే దయచేసి ఇంకో ఆట మొదలుపెట్టకండి. మెషిన్ మీద పని బరువు పడినప్పుడే ఆగుతోందంటే, కరెంటు సరఫరాని అనుమానించి ముందు అది చూపించండి. మేం చూపించలేదు. ఒక ఆదివారం రాత్రి టప్ మని చప్పుడొచ్చి, గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన. నాన్న పరుగెత్తుకొచ్చి గోడ దగ్గర స్విచ్ ఆపేశారు. ఆ సమయంలో తమ్ముడి కాళ్లు కేబినెట్‌కి జానెడు దూరంలో ఉన్నాయి.

అనకాపల్లిలో కంప్యూటర్ సర్వీసింగ్ చేసే మా బావ వచ్చి విప్పాడు. ఎస్ఎంపీఎస్ చేతిలో పెట్టి "బరువు చూడు బావా, ఏటుంది ఇందులో?" అన్నాడు. నిజంగానే ఖాళీ డబ్బాలా ఉంది. పైన పెద్ద అక్షరాలతో 650 వాట్స్ అని స్టిక్కరు. పక్కన చిన్న పట్టికలో ప్లస్ 12 వోల్ట్ కింద 18 ఆంపియర్లు అని ఉంది. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఆ 12 వోల్ట్ లైన్ నుంచే. ఆర్ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్లు తీసుకుంటుంది, ఈ ప్రాసెసర్ పూర్తి పనిలో 88 వరకూ పోతుంది. మొత్తం 220. ఫ్యాన్లు, బోర్డు ఇంకా లెక్కలోకి రానేలేదు. పైన రాసిన 650 ఎక్కడిదో ఆ పట్టికలో ఎలా కూడినా రాదు.

పైగా ఆ ఎస్ఎంపీఎస్‌కి గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే ఎనిమిది పిన్నుల వైరే లేదు. పాతకాలం నాలుగు పిన్నుల మోలెక్స్ వైరుకి కన్వర్టర్ తగిలించి కేబినెట్ వెనక రేకు చాటున దోపేశారు. ఆ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి, ఒక మూల కరిగి కిందికి జారి గట్టిపడింది. బావ దాన్ని గోటితో గీకితే పెళ్లలా ఊడొచ్చింది. కార్డు బతికింది. మదర్‌బోర్డు పోయింది. షాపుకి తీసుకెళ్తే "కాలిన వస్తువుకి వారంటీ రాదు" అన్నారు.

కాబట్టి ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు పైన రాసిన వాట్లు కాదు, ఆ చిన్న పట్టికలో 12 వోల్ట్ లైన్ చదవండి. అక్కడి ఆంపియర్లని 12తో గుణిస్తే వచ్చేది మొత్తం వాట్లకి దగ్గర్లో ఉంటే సరైన సరుకు. కార్డుకి కావలసిన వైరు దానిలోంచే రావాలి, కన్వర్టర్ అంటే ఒప్పుకోకండి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌ని గేమింగ్ మెషిన్‌కి పెట్టనే పెట్టకండి.

మా ఇంట్లో ఇది జరిగాక నేను చాలా కొటేషన్లు చదివాను. ఒకే పేరు కింద రెండు సరుకులు అమ్మడానికి ఎన్ని సందులున్నాయో అప్పుడు తెలిసింది. ఆర్‌టీఎక్స్ 3050 అంటే 8 జీబీది ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీది ఇంకొకటి. రెండోదాంట్లో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 2560 నుంచి 2304కి తగ్గాయి. ఎం.2 ఎస్ఎస్‌డీ అంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం కావచ్చు, దానికంటే నెమ్మదైన సాటా రకం కూడా కావచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అని ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు సర్వీసుకి వెళ్తే తెర నల్లగానే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో "ఐ7 గేమింగ్ పీసీ" అని చవగ్గా కనిపిస్తే ఐ7 తర్వాత నంబరు అడగండి. ఐ7-2600 అంటే 2011 నాటిది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ గేమ్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి, ఆ పాత బోర్డుల్లో అది దొరకదు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు వాడినవి కొనేవాళ్లకి ఇంకో మాట. వాటిలో వోల్టేజీ ఎక్కువై చిప్ పాడయ్యే లోపం ఉందని ఇంటెల్ స్వయంగా ఒప్పుకుని, 2024 ఆగస్టు నుంచి బయోస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇప్పించి, బాక్సు ప్రాసెసర్లకి వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు. బాక్సూ బిల్లూ లేని ముక్క తీసుకుంటే ఆ పెంచిన వారంటీ మీ చేతికి రావడం కష్టం. మన ఊళ్లో పాత కార్డు కొంటే వెనక పట్టీ, స్క్రూలు వెలుతురులో చూడండి. బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, "రెండు నెలలే వాడాం" అనే మాటని అది అక్కడికక్కడే తేల్చేస్తుంది.

మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నమోదయ్యాక షాపు వాళ్లు ఎస్ఎంపీఎస్ ఒక్కదానికి డబ్బు ఇస్తామన్నారు, బోర్డుకీ ప్రాసెసర్ తేడాకీ మాత్రం ఇవ్వం అన్నారు. అందుకని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. ఐదు లక్షల లోపు కొన్న వస్తువులకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు.

కాగితాలు సర్దుకుంటుంటే మా దగ్గర ఉన్నవి ఇవి: 68,500 ఫోన్‌లో పంపినట్టు స్క్రీన్‌షాట్, కాలిన కన్వర్టర్, సీరియల్ నంబర్లు లేని ఆ కొటేషన్. అందులో ప్రాసెసర్ దగ్గర "రైజెన్ 5" అని ఉంది. వాళ్లు ఇచ్చిన 5500 కూడా రైజెన్ 5 ఏ. ఎస్ఎంపీఎస్ మీద మా వాదన గట్టిగా ఉంది, పట్టిక దాని ఒంటి మీదే అచ్చయి ఉంది. ప్రాసెసర్ మీద మాత్రం 5600 అడిగామని చూపించడానికి తమ్ముడి నోట్‌బుక్ తప్ప ఇంకేం లేదు.