పప్పు సెప్టెంబరులో, అన్నం ఫిబ్రవరిలో: కొత్త డీ అండ్ డీ పుస్తకాల మీద నా గోల

చుట్టాలొస్తే విస్తళ్లు వేసి, పప్పు సెప్టెంబరులో వడ్డించి, కూర నవంబరులో తెచ్చి, అన్నం ఫిబ్రవరిలో పెడితే ఏమంటారు? తిట్టిపోస్తారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త రూల్స్ పుస్తకాలు మూడింటినీ సరిగ్గా ఇలాగే అమ్మారు. మూడూ కొన్నాను, మూడూ చదివాను, ఏడాదికి పైగా వీటితోనే ఆడిస్తున్నాను కాబట్టి తిట్టే హక్కు నాకుందనే అనుకుంటున్నా.

ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడిపిస్తాడు, వాడే డంజన్ మాస్టర్, మేం డీఎం అంటాం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తయారు చేసుకుంటారు, గెలుపోటములు డైస్ తేలుస్తుంది. 1974లో మొదలైంది, అంటే 2024కి యాభై ఏళ్లు. ఆడాలంటే మూడు పుస్తకాలు కావాలి: పాత్రలు తయారు చేసుకోవడానికి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, ఆట నడపడానికి డంజన్ మాస్టర్స్ గైడ్, కొట్లాడటానికి రాక్షసులుండే మాన్‌స్టర్ మాన్యువల్. మూడింట్లో ఏది లేకపోయినా ఆట కుంటుతుంది. ఇది ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే పబ్లిషర్ ఈ సంగతే మర్చిపోయినట్టుంది.

నేనుండేది అమెరికాలో, సియాటిల్ దగ్గర బెల్‌వ్యూలో. ఈ పుస్తకాలు వేసే విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫీసు పక్కనే రెంటన్‌లో, ట్రాఫిక్ లేకపోతే పావుగంట. కారేసుకుని వెళ్లి అరిచి రావచ్చు. వెళ్లలేదు, ఇక్కడ రాస్తున్నా.

సరే, తేదీలు. హ్యాండ్‌బుక్ 2024 సెప్టెంబరు 17న వచ్చింది. గైడ్ నవంబరు 12న. మాన్‌స్టర్ మాన్యువల్ 2025 ఫిబ్రవరి 18న. ఒక్కోటి 384 పేజీలు, ఒక్కోటి యాభై డాలర్లు, అంటే మొత్తం నూట యాభై, ఐదు నెలలు. వాళ్ల వెబ్‌సైట్‌లో నెలనెలా డబ్బు కట్టేవాళ్లకి రెండు వారాలు ముందుగా చూపించారనుకోండి, అది వేరే సంగతి, అక్కడ కూడా ఏ స్థాయి చందా కడితే ఎన్ని రోజుల ముందు అని మెట్లు పెట్టారు, సినిమా హాల్లో బాల్కనీ, నేల టికెట్ లాగా.

దీనికి కొందరు చెప్పే సమాధానం, ఎప్పుడూ ఇంతే కదా అని. పూర్తిగా కాదు. 2000లో మూడో ఎడిషన్ నెలకొకటి చొప్పున ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో అయిపోయింది. 2008లో నాలుగో ఎడిషన్ మూడు పుస్తకాలూ జూన్‌లో ఒకే రోజు దించారు. ఆ ఎడిషన్‌ని తిట్టనివాడు లేడు, మొదటి పుస్తకంలోని పాత్రల రకాల్లో బార్డ్ లేడు, డ్రూయిడ్ లేడు, మాంక్ లేడు, అవన్నీ తర్వాత పుస్తకాల్లో కొనుక్కోమన్నారు, అదొక పెద్ద కథ. కానీ కనీసం మొదటి రోజే డీఎం చేతిలో రాక్షసులున్నారు. 2014లో ఐదో ఎడిషన్ ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సాగింది నిజమే, అయితే అప్పుడు డీఎంల కోసం కొన్ని రాక్షసులతో సహా ఉచిత పీడీఎఫ్ ఒకటి ముందే పెట్టారు, దాంతోనే నేను మొదటి క్యాంపెయిన్, అంటే చాలా సెషన్లు సాగే కథ, నడిపాను. మరీ వెనక్కి వెళ్తే, 1970ల చివర్లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీకి మాన్‌స్టర్ మాన్యువల్ 1977లో, హ్యాండ్‌బుక్ 78లో, గైడ్ 79లో వచ్చాయి. అది ఇంకా దారుణమే, కానీ అప్పుడది అమెరికాలోనే లేక్ జెనీవా అనే ఊళ్లో నడిచే ఒక చిన్న సంస్థ. ఇప్పుడు వెనకాల బొమ్మల దిగ్గజం హాస్బ్రో ఉంది. పోలికే కాదు.

ఇంకో సంగతి గమనించారా? ఆ కాలంలో రాక్షసులు ముందొచ్చారు. ఇప్పుడు రాక్షసులు ఆఖర్న వచ్చారు. అసలు గొడవంతా అక్కడే.

కొత్త హ్యాండ్‌బుక్‌లో పాత్రల బలం బాగా పెంచారు. మంచిదే, నాకు నచ్చింది. కత్తి పట్టినవాడికి ఇప్పుడు ప్రతి ఆయుధానికీ ఒక ప్రత్యేకమైన దెబ్బ ఉంది, ఒకటి పడేస్తుంది, ఒకటి నెట్టేస్తుంది, ఒకటి శత్రువు తర్వాతి దెబ్బని బలహీనం చేస్తుంది. గాయాలు మాన్పే మంత్రం క్యూర్ వూండ్స్ ఇదివరకు ఒక ఎనిమిది ముఖాల డైస్, ఇప్పుడు రెండు. మొదటి లెవెల్లోనే అందరికీ ఒక ఫీట్, అంటే అదనపు ప్రత్యేక శక్తి, ఉచితం. పన్నెండు క్లాసులు, అంటే పాత్రల రకాలు, ఒక్కోదానికి నాలుగు చొప్పున నలభై ఎనిమిది సబ్‌క్లాసులు. బొమ్మలు అద్భుతం. పుస్తకం తెరిస్తే చాలు ఆడాలనిపిస్తుంది. అందుకే కాబోలు డీ అండ్ డీ చరిత్రలోనే ఇంత వేగంగా ఏ పుస్తకమూ అమ్ముడవలేదని కంపెనీ చెప్పుకుంది. తిడుతూనే కొంటున్నాం మరి, నాతో సహా.

కానీ ఎదురుగా ఉన్నవి ఎవరు? 2014 నాటి రాక్షసులు. ఐదు నెలల పాటు కొత్త వీరులు, పాత శత్రువులు. కొత్త రూల్స్ పాత పుస్తకాలతో కలిసి పనిచేస్తాయని పబ్లిషర్ మాట. పనిచేస్తాయి, కాదనను, పాత స్కూటర్‌కి కొత్త ఇంజన్ పెట్టినా నడుస్తుంది. అక్టోబరులో ఒక ఆదివారం నేను మూడు వారాలు కూర్చుని రాసుకున్న పెద్ద ఫైట్ పెట్టాను, పాత పుస్తకం ఉంది కదా అని అంకెలేవీ మార్చకుండా మొండిగా అలాగే దించాను. తప్పు నాదే. మూడు రౌండ్లలో అయిపోయింది. మా శీనుగాడు డైస్ సర్దుకుంటూ, "అన్నా, విలన్ అయిపోయాడా, ఇంకా ట్రైలర్ అనుకున్నా" అన్నాడు. వదిన అప్పుడే పకోడీలు తెచ్చింది, అవి చల్లారకముందే సెషన్ ముగిసింది.

ఫిబ్రవరిలో మాన్యువల్ వచ్చాక తేడా తెలిసింది. చిన్న ఉదాహరణ, తోడేలు. పాత పుస్తకంలో తోడేలు కరిస్తే కింద పడకుండా ఉండటానికి ఒక డైస్ వేసే అవకాశం ఉండేది. కొత్తదాంట్లో మరీ పెద్ద ఒళ్లు లేకపోతే కరిచిందా, పడ్డావు, అంతే. ఒక్క తోడేలు సంగతి కాదు, పుస్తకంలో చాలాచోట్ల ఇదే పద్ధతి. అంటే వీరుల బలం పెంచినప్పుడే రాక్షసుల బలం కూడా పెంచాలని వీళ్లకి తెలుసు, లెక్క వేసుకునే రాశారు, ఆ లెక్కలో సగం మనకి సెప్టెంబరులో ఇచ్చి మిగతా సగం దాచుకున్నారు.

పోనీ మధ్యలో మనమే రాక్షసుల్ని తయారు చేసుకుందామంటే, 2014 గైడ్‌లో దానికో పట్టిక ఉండేది, ఈ స్థాయి రాక్షసికి ఇంత ప్రాణం, ఇంత దెబ్బ అని. నవంబరులో కొత్త గైడ్ రాగానే ఆ పట్టిక కోసమే తిప్పాను. తీసేశారు! ఉన్నవాటిని కాస్త మార్చుకోవడానికి మాత్రం రెండు మాటలు చెప్పారు. కావాలని చేశారని అనను, కానీ అన్నం రాలేదు, బియ్యం డబ్బా కూడా లాక్కున్నారు అనిపించింది.

బ్యాక్‌గ్రౌండ్ల కథ ఇంకా విచిత్రం. బ్యాక్‌గ్రౌండ్ అంటే వీరుడు కాకముందు నువ్వేం చేసేవాడివి అనేది. మా కిరణ్‌కి తాత ఊళ్లో చూసిన బుర్రకథ పిచ్చి. బుర్రకథ చెప్పుకుంటూ ఊళ్లు తిరిగే విజర్డ్, అంటే మాంత్రికుడు, కావాలన్నాడు. భలే ఐడియా కదా. హ్యాండ్‌బుక్‌లో పదహారు బ్యాక్‌గ్రౌండ్లున్నాయి, దగ్గరగా ఉన్నది ఎంటర్‌టైనర్. కానీ ఎంటర్‌టైనర్ తీసుకుంటే బలం, చురుకుదనం, ఆకర్షణ, ఈ మూడే పెంచుకోవచ్చు, తెలివి పెరగదు. విజర్డ్‌కి తెలివే ప్రాణం. బుర్రకథ చెప్పేవాడికి బుర్ర ఎందుకుండదండీ? సొంతంగా బ్యాక్‌గ్రౌండ్ తయారు చేసుకునే పద్ధతి 2014 హ్యాండ్‌బుక్‌లోనే ఉండేది. ఈసారి దాన్ని తీసుకెళ్లి గైడ్‌లో పెట్టారు. అంటే ప్లేయర్‌కి కావాల్సింది ప్లేయర్ పుస్తకంలో లేదు, రెండు నెలల తర్వాత ఇంకో యాభై డాలర్ల పుస్తకంలో ఉంది. నేను డీఎం హోదాలో సరే కానీయ్ అనేశాను, ప్రతి టేబుల్ దగ్గరా అలా అనే డీఎం ఉండడు, కొత్తగా నేర్చుకుంటున్నవాడైతే పుస్తకంలో లేదు కాబట్టి కుదరదంటాడు.

ఇదంతా ఎవరి మీద పడుతుంది? డీఎం మీద. ఐదుగురు ఆడే టేబుల్‌లో నలుగురికి ఒక్క పుస్తకం చాలు, అదీ ఒకటి కొని నలుగురూ చూసుకోవచ్చు. మూడూ కొనేది డీఎం. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని కథ రాసేది డీఎం. వాడికి కావాల్సిన రెండు పుస్తకాలూ తర్వాత ఇచ్చారు, అందులో అత్యవసరమైంది అందరికంటే ఆఖర్న. ఎందుకిలా అంటే నా అనుమానం ఒకటే, ప్లేయర్లు ఎక్కువమంది, వాళ్ల పుస్తకం ఎక్కువ అమ్ముతుంది, అది ముందు. ఆపై గైడ్‌కి పండగ సీజన్, మాన్యువల్‌తో కొత్త సంవత్సరం ఖాతా ప్రారంభం. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే.

గైడ్ గురించి ఒక మంచి మాట చెప్పకపోతే పాపం. మొదటి సగం కొత్త డీఎంలకి ఇంత విడమరిచి చెప్పిన పుస్తకం నేను చూడలేదు. టేబుల్ దగ్గర మాటలు ఎలా నడపాలి, పది నిమిషాల్లో సెషన్ ఎలా మొదలెట్టాలి, అన్నీ ఉన్నాయి. ఆట కోసం గ్రేహాక్ అనే కల్పిత ప్రపంచం, వెనక్కీ ముందుకీ రెండువైపులా ముద్రించిన పెద్ద మ్యాప్, మా గోడ మీద ఉంది ఇప్పుడు. చిన్నచిన్న అడ్వెంచర్లు, అంటే ఆడించడానికి సిద్ధంగా ఉన్న కథలు, ఐదిచ్చారు. వాటిలోని జీవాల కోసం మాత్రం మాన్‌స్టర్ మాన్యువల్ తెరవాలి. నవంబరులో. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు.

మాన్యువల్ మూడింట్లోనూ నాకిష్టమైంది. ఐదొందలకి పైగా రాక్షసులు. అక్షరక్రమంలో పెట్టారు కాబట్టి ఆట మధ్యలో వెతకడం తేలిక. నా కాపీ అట్ట మూల నలిగి వచ్చింది, ఆన్‌లైన్‌లో కొన్నచోట వాడు పల్చటి కవర్లో పడేసి పంపాడు, అది పుస్తకం తప్పు కాదు. పాత పుస్తకంలో రాక్షసులుగా ఉన్న ఆర్కుల పేజీ ఎక్కడా అని మా శీనుగాడు అరగంట వెతికాడు, లేదు, వాళ్లిప్పుడు ప్లేయర్లు ఆడుకునే జాతి, శత్రువులుగా కావాలంటే మామూలు మనుషుల అంకెలు వాడుకోవాలి. నాకు పర్వాలేదు. వాడికి పర్వాలేదు కాలేదు.

మూడూ వచ్చాక అయినా నిదానించారా అంటే, కొత్త రూల్స్‌తో ఆడుకోవడానికి మొదటి అడ్వెంచర్ పుస్తకం డ్రాగన్ డెల్వ్స్ 2025 జులైలో వచ్చింది. హ్యాండ్‌బుక్‌లో లేని ఆర్టిఫిసర్ క్లాస్ కోసం ఎదురుచూసేవాళ్లు మా గుంపులో ఇద్దరున్నారు, అది ఉండే ఎబెరాన్ అనే ఇంకో కల్పిత ప్రపంచపు పుస్తకం ఆగస్టు అని చెప్పి డిసెంబరుకి జరిపారు. ఆ ఇద్దరిలో ఒకడు విసుగొచ్చి ఫైటర్ అయిపోయాడు.

డిజిటల్ వైపు సంగతి క్లుప్తంగా. హ్యాండ్‌బుక్ రాకముందే, 2024 ఆగస్టులో, వాళ్ల వెబ్‌సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో మన క్యారెక్టర్ షీట్లలోని పాత మంత్రాలు పోయి కొత్తవి వచ్చేస్తాయన్నారు, పాతవి కావాలంటే మనమే చేత్తో ఎక్కించుకోవాలట. డబ్బిచ్చి కొన్నవి! జనం గగ్గోలు పెట్టేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. వేరేవాళ్లు డీ అండ్ డీ రూల్స్ వాడుకునే లైసెన్స్‌ని మార్చబోయిన 2023 జనవరి గొడవలోనూ ఇదే వరస, ముందు బాదుతారు, అరిస్తే సారీ అంటారు. సిగిల్ అని కంప్యూటర్‌లో ఆడుకునే త్రీడీ ఆట టేబుల్ ఒకటి ఏళ్ల తరబడి ఊరించి 2025 ఫిబ్రవరిలో వదిలారు, మార్చిలో దాని టీమ్‌లో దాదాపు అందర్నీ తీసేశారు. ఇలాంటివాళ్లు "త్వరలో" అంటే నేను క్యాలెండర్‌లో రాసుకోవడం మానేశాను.

వేరే కంపెనీలు గొప్పా అంటే, పైజో వాళ్లు 2019లో పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఆట రెండో ఎడిషన్‌కి రూల్స్ పుస్తకం, రాక్షసుల పుస్తకం ఒకే రోజు తెచ్చారు, రూల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోనిచ్చారు. తర్వాత రీమాస్టర్, అంటే సవరించిన కొత్త ముద్రణ, అన్నప్పుడు వాళ్లూ నాలుగు పుస్తకాల్ని 2023 నవంబరు నుంచి 2024 ఆగస్టు దాకా సాగదీశారు. కాకపోతే ఉచితంగా చదివేదానికి అంత మంట పుట్టదు.

ఇప్పుడు కొనాలా? ఇప్పుడైతే మూడూ ఉన్నాయి కాబట్టి నా ఏడుపు మీకు వర్తించదు, నిశ్చింతగా కొనండి, డీఎం అయితే మాన్యువల్ ముందు. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఉండి కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లు మాత్రం ముందు పైసా పెట్టకండి. 2025 ఏప్రిల్‌లో ఎస్ఆర్‌డీ 5.2 అని ప్రాథమిక రూల్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా వదిలారు, క్లాసులు, మంత్రాలు, బోలెడు రాక్షసులు అన్నీ ఉన్నాయి. ఇదే గనక సెప్టెంబరులో వదిలుంటే ఈ రివ్యూ సగమే ఉండేది.

పుస్తకాలకి ఐదుకి నాలుగున్నర. అమ్మిన తీరుకి ఒకటిన్నర, ఆ అర కూడా గోడ మీద మ్యాప్ కోసం. ఈ ఆదివారం పాత విలన్ని కొత్త అంకెలతో మళ్లీ దించుతున్నా, శీనుగాడికి ఇంకా చెప్పలేదు, ఈసారి పకోడీలు రెండు విడతలు కావాలని వదినకి మాత్రం చెప్పాను.