గేమింగ్ సెంటర్లో టోర్నీ: ఎంట్రీ ఫీజు పెట్టాలా, గంట అద్దె చాలా?

తిరుపతిలో కాలేజీల దగ్గర గేమింగ్ సెంటర్ నడిపేవాళ్లకు టోర్నీ పెట్టడానికి దారులు రెండు.

తలకు 100 చొప్పున 32 మంది దగ్గర వసూలు చేసి, ఆ 3,200 లోంచే బహుమతి ఇవ్వడం మొదటిది. వీధి క్రికెట్ టోర్నీలాగే కనిపిస్తుంది. కానీ 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడదు. డబ్బు కట్టి, గెలిస్తే డబ్బొస్తుందని ఆడితే అది డబ్బు ఆటే. డబ్బుతో కొనుక్కున్న గేమ్ కాయిన్లూ పందెమే. నిర్వాహకుడికి 3 ఏళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్‌కు, అంటే క్రీడలా పోటీపడి ఆడే వీడియో గేమ్‌లకు మినహాయింపుంది, దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న సెంటర్‌కు అది మోయలేని భారం. జూదరిని పట్టాల్సిన వల ఇంత వెడల్పుగా వేయడం అన్యాయం. అమెరికాలోని ఫ్లోరిడాలోనూ ఇలాగే 2013లో ఇంటర్నెట్ కేఫ్‌ల జూదం ఆపబోయి చట్టంలో రాసిన నిర్వచనంలో మామూలు ఆర్కేడ్ ఆటలూ (నాణెం వేసి ఆడే మెషిన్ ఆటలు) చిక్కాయి.

రెండోది, మామూలు గంట అద్దె మాత్రమే తీసుకుని, బహుమతి పక్క షాపు స్పాన్సర్ చేత ఇప్పించడం. ఇదే మేలు. రసీదులో ‘సిస్టమ్ అద్దె’ అని రాయండి. పోటీలో లేనివాళ్లకూ అదే రేటు ఉండాలి. టోర్నీ రోజు రేటు పెంచారంటే, ఆ పెంపే పందెంగా లెక్కకు రావచ్చు.