లైట్ పోతే ఏం పోతుంది? ఈ మధ్య ముగించిన ఐదు ఆటలు

చాందా (మహారాష్ట్రలోని చంద్రపూర్) జిల్లాలో కొత్త గేమ్ కొనేముందు రెండు సంగతులు కనుక్కోవాలి. మధ్యలో లైట్ పోతే ఎంత ఆట పోతుంది? మే నెలలో ల్యాప్‌టాప్ ఎంత కాగుతుంది? బొగ్గు కాళ్ళ కిందే ఉందన్న మాటేగానీ, బల్లార్షా, రాజురా వైపు వానాకాలం మొదలైందంటే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఈ కరెంటు కోతకు మరాఠీలో భారనియమన్ అని గంభీరమైన పేరుంది. పేరేదైనా, బ్యాటరీ పాతబడిన ల్యాప్‌టాప్‌కు మిగిలేది పదిహేను, ఇరవై నిమిషాలు. గేమ్ సమీక్షల్లో ఈ లెక్క ఎవరూ వేయరు. అందుకే చివరిదాకా ఆడి ముగించిన ఐదింటిని ఆ తూకంలోనే వేస్తున్నాను.

ఆడింది 8 జీబీ ర్యామ్ ఉన్న, వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ మీద. ఐదింటిలో దేనికీ తెలుగు లేదు. ఇంగ్లీషు ఎంత కావాలో ఎక్కడికక్కడ చెప్తాను.

స్టార్‌డ్యూ వ్యాలీ

ఎరిక్ బరోన్ ఒక్కడే బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామింగ్ అన్నీ చేసుకున్న వ్యవసాయం ఆట, 2016లో వచ్చింది. 500 ఎంబీ చోటు చాలు, ఫోన్ డేటాతోనే దిగిపోతుంది. ఎక్కడ పడితే అక్కడ సేవ్ అవదు. మంచమెక్కి పడుకుంటేనే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. ఆటలో రోజంటే పొద్దున 6 నుంచి రాత్రి 2 దాకా, అక్కడి పది నిమిషాలు మనకు ఏడు సెకన్లు. అంటే రోజు మొత్తం మనకు పద్నాలుగు నిమిషాల పైచిలుకు. బ్యాటరీ ఇరవై నిమిషాలు ఆగేదైతే లైట్ పోయాక కూడా రోజు హాయిగా పూర్తవుతుంది. ఆగనిదైతే ఇంటికి పరుగెత్తి పట్టపగలే పడుకోండి, ఆట ఏమీ అనదు. మెనూ తెరిస్తే గడియారం ఆగుతుంది, బ్యాటరీ ఆగదు.

ప్రమాదమంతా సేవ్ అవుతున్న ఆ రెండు మూడు సెకన్లలోనే. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ ఆరిపోతే ఫైలు పాడవుతుంది, మర్నాడు తెరిస్తే పొలం కనపడదు. కంగారుపడి కొత్త పొలం మొదలుపెట్టకండి. యాప్‌డేటాలో (విండోస్‌లో ప్రోగ్రాములు తమ ఫైళ్ళు దాచుకునే చోటు) ఈ ఆట పేరుతో ఉన్న ఫోల్డరు తెరిచి, అందులో సేవ్స్ అనేదాంట్లో చూడండి. మీ పొలం ఫోల్డరులో చివర 'ఓల్డ్' అని ఉన్న ఫైళ్ళు రెండుంటాయి. అవి నిన్నటివి. పాడైన రెంటినీ వేరేచోటికి తీసి, వీటి పేర్ల చివర ఉన్న ఆ మాటను, దాని ముందున్న గీతను చెరిపేస్తే పొలం తిరిగి వస్తుంది. పోయేది ఒక్క రోజే.

ఇక వ్యవసాయం సంగతి. మన పత్తి రైతు చూస్తే నవ్వుకుంటాడు. పురుగు లేదు, మందు కొట్టేది లేదు, రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర కాపలా లేదు, పత్తి అసలే లేదు. శత్రువు కాకి ఒక్కటే. అదీ పదిహేను మొక్కలు దాటేదాకా రాదు, దిష్టిబొమ్మ పాతితే చుట్టూ ఎనిమిది గళ్ళ దాకా ముట్టదు. నిక్కచ్చిగా ఉండేది రుతువు లెక్క. ఒక్కో రుతువు 28 రోజులు, 28వ రోజు దాటితే ఆ రుతువు పైరు మాడిపోతుంది. కొత్తవాళ్ళందరూ మోసపోయేది స్ట్రాబెర్రీ దగ్గర. దాని విత్తనం వసంతంలో 13వ తేదీన జరిగే గుడ్ల పండుగలో దొరుకుతుంది. ఒక్కోటి ఆట డబ్బులో 100. కాపుకు ఎనిమిది రోజులు, ఆ తర్వాత నాలుగు రోజులకోసారి కోత. ఆ రోజే నాటితే 21న, 25న రెండే కోతలు. కాయ 120కి పోతుంది కాబట్టి నష్టం లేదుగానీ, విత్తనం దాచి మరుసటి ఏడు ఒకటో తేదీన నాటితే 9 నుంచి 25 దాకా ఐదు కోతలు వస్తాయి. నా మట్టుకు సగం నాటి సగం దాస్తాను.

నీళ్ళు పోసే పని పొద్దుటి పూటంతా తినేస్తుంది. సాగు స్థాయి 6కు రాగానే ఇనుప కడ్డీ, బంగారు కడ్డీ, శుద్ధిచేసిన క్వార్ట్జ్ ఒక్కోటి వేసి చుట్టూ ఎనిమిది గళ్ళు తడిపే స్ప్రింక్లర్ చేసుకోవచ్చు. అంతకుముందు దొరికే నాలుగు గళ్ళ దాని మీద లోహం తగలెయ్యకండి. చేపలు పట్టడం టచ్‌ప్యాడ్ మీద నరకం. మౌస్ ఉండాలి. బటన్ నొక్కి పట్టుకోకుండా చిన్న చిన్న దెబ్బలుగా తట్టాలి. మొదట్లో 25కు దొరికే శిక్షణ గాలం కొనుక్కుంటే, చేపను లోపల ఉంచాల్సిన పట్టీ పెద్దదిగా వస్తుంది. మూడో ఏడు మొదట్లో, మనకీ పొలం వదిలిపోయిన తాత వచ్చి లెక్క చూసి వెళ్ళాక పొలంలో చేయడానికి పెద్దగా మిగలదు. అక్కడే ఆపేశాను.

హాలో నైట్

ఐదింటిలో ఎక్కువ గంటలు తిన్నది, తిన్నా బాధ కలగనిది ఇదే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న జట్టు చేసింది, 2017లో వచ్చింది. 9 జీబీ. పాడుబడ్డ పురుగుల రాజ్యంలోకి చేతిలో మేకుతో దిగే ఒంటరి వీరుడు మనం. చదవడానికి కాస్తే ఉంటుంది, చదవకపోయినా ఆట ఆగదు. కథ మాత్రం అంతుపట్టదు.

ఇక్కడ బల్ల మీద కూర్చుంటే సేవ్. దార్లో ముఖ్యమైన వస్తువు దొరికినా, బాస్ (దారికి అడ్డు నిలిచే పెద్ద శత్రువు) చచ్చినా లోపల్లోపల రాసుకుంటుంది కాబట్టి లైట్ పోతే సాధారణంగా పోయేది నడిచిన దారే. తిరిగి తెరిస్తే చివరగా కూర్చున్న బల్ల దగ్గర లేస్తాం. ఇదే వాటంగా కూడా పనికొస్తుంది. చీకట్లో దారి తప్పి తిరుగుదారి దొరకనప్పుడు సేవ్ చేసి బయటికి వస్తే తెచ్చుకున్నవన్నీ చేతిలోనే ఉంచుకుని బల్ల దగ్గర తేలతాం. అయితే కరెంటు కోతకు ఫైలే పాడయ్యే అవకాశం దీనికీ ఉంది. యాప్‌డేటాలో టీమ్ చెర్రీ పేరుతో ఉన్న ఫోల్డరును వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

చావు గురించి ముందే తెలుసుకోవాలి. చస్తే చేతిలో ఉన్న డబ్బంతా అక్కడే నీడగా నిలబడుతుంది. వెళ్ళి ఆ నీడను కొడితే తిరిగి వస్తుంది. ఈలోగా మళ్ళీ చచ్చామో, మొదటి డబ్బు గంగలో కలిసినట్టే. అందుకని బాస్ గదిలోకి వెళ్ళేముందు డబ్బు ఖర్చుపెట్టేయాలి. దారిలో బ్యాంకు నడిపే ఆమె కూడా తగులుతుంది. చిట్టీల కంపెనీలు చూసిన ఊరివాళ్ళకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, పెద్ద మొత్తం జమచేసి కొన్నాళ్ళకు వెళ్ళి చూడండి.

మొదట్లో చాలామంది వదిలేయడానికి కారణం పటం. కొత్త ప్రాంతంలో పటం గీసేవాడు ఎక్కడో కూనిరాగం తీస్తూ కూర్చుని ఉంటాడు. కాగితాలు కనిపిస్తే దగ్గర్లో ఉన్నాడని గుర్తు. అతని దగ్గర కొన్నది సగం పటమే. మిగతాది నిండాలంటే ఊళ్ళో అతని భార్య దుకాణంలో ఈక కలం కొనాలి, అప్పుడు కూడా బల్ల మీద కూర్చున్నాకే గీతలు పడతాయి. మనం ఎక్కడున్నామో చూపే దిక్సూచి 220. ఈ రెండూ కొనకుండా ముందుకు వెళ్ళకండి. చీకటి గుహలకు కావాల్సిన లాంతరు 1800. ధర చూసి గుండె ఆగుతుంది, అయినా కొనాల్సిందే.

లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటే పోరాటం తేలికవుతుంది. శత్రువును మేకుతో కొట్టిన ప్రతి దెబ్బకూ 11 ప్రాణశక్తి వస్తుంది, ఒక ముసుగు (ఇక్కడ ప్రాణాన్ని లెక్కపెట్టేది ముసుగుల్లోనే) గాయం మానడానికి 33 కావాలి. అంటే మూడు దెబ్బలకు ఒక ప్రాణం. భయపడి దూరంగా తిరిగేవాడికి మందు దొరకదు. మేకు దెబ్బ మొదట 5, కమ్మరి దగ్గర 250 ఇచ్చి సాన పట్టిస్తే 9. దాదాపు రెట్టింపు! కన్నీళ్ళ నగరం చేరగానే మొదటి పని ఇదే అవ్వాలి.

ఆట ఏం అడుగుతుందో పూర్తిగా అర్థమయ్యేది గొల్లభామల రాణుల దగ్గర. సింహాసనాల మీద కూర్చున్న ముగ్గురికి సవాలు విసరాలి. మొదట ఒకతే దిగుతుంది. ఆమెకున్నవి మూడే ఎత్తులు. బరిసె ముందుకు పెట్టి నేలబారున దూసుకొస్తే పైకి దూకాలి. నెత్తి మీద నుంచి నిలువునా దిగితే పక్కకు డాష్ (ఒక్కసారిగా దూసుకెళ్ళడం) కొట్టాలి. గోడకు అంటుకుంటే వంపు తిరిగే కత్తి వస్తోందని అర్థం, అది వెళ్ళేదాకా ఆశపడకూడదు. ప్రతి ఎత్తు తర్వాతా ఒక్క దెబ్బకు సందు దొరుకుతుంది, ఒక్క దెబ్బకే. రెండోది కొట్టబోయినవాడు దెబ్బ తింటాడు. ఆమె ఓడాక మిగతా ఇద్దరూ జంటగా దిగుతారు. ఎత్తులు అవే, మధ్యలో ఊపిరి పీల్చే చోటే ఉండదు. గెలిచాక ఆ పల్లెలో అప్పటిదాకా మీదపడిన గొల్లభామలన్నీ తలవంచి దారి ఇస్తాయి. ఏ మాటా లేదు, ఏ బహుమతి తెరా లేదు. ఆటల్లో గౌరవాన్ని ఇంత బాగా చూపించింది నేను చూడలేదు.

లోపం చెప్పాలంటే, కొన్ని బాస్‌ల దగ్గరికి బల్ల నుంచి నడక చాలా ఎక్కువ. ఇరవై సార్లు చచ్చేవాడు ఇరవై సార్లూ ఆ దారి నడవాలి. ఇదేమీ కష్టం కాదు, ఉత్త విసుగు.

రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్

లూకాస్ పోప్ చేసింది, 2018. 2 జీబీ. 1807లో ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి ఖాళీగా తిరిగివస్తుంది. బీమా లెక్కలు చూసే అధికారిగా మనం ఎక్కి, 60 మందిలో ప్రతి ఒక్కరి పేరు, చావు తీరు, చంపినవాడెవడో పుస్తకంలో పూరించాలి. చేతిలో ఒక గడియారం. శవం దగ్గర తెరిస్తే ప్రాణం పోయిన క్షణం కళ్ళ ముందు గడ్డకట్టి నిలబడుతుంది. ఎవరూ కదలరు, మనమే చుట్టూ తిరిగి చూడాలి.

కరెంటు పోతే దీనికి వచ్చే నష్టం దాదాపు సున్నా. దానంతట అదే సేవ్ చేసుకుంటుంది, మన బుర్రలో ఉన్నది ఎలాగూ ఎక్కడికీ పోదు. వేడి కూడా తక్కువే. కానీ ఇంగ్లీషు గట్టిగా కావాలి. పాత్రల మాట యాసను బట్టి ఎవరు ఏ దేశంవారో పట్టుకోవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఐరిష్ యాసకూ స్కాట్ యాసకూ తేడా చెవికి తెలియని మనలాంటివాళ్ళు అక్కడ వేరే దారి వెతుక్కోవాలి. ఆ దారి ఉంది: ఎవరు ఎవరితో కలిసి తింటున్నారు, ఎవరి దుస్తులు ఎలా ఉన్నాయి, పడుకునే ఊయల మీద అంకె ఎంత. అంతకుమించి చెప్తే మీ ఆట పాడుచేసినట్టే.

ముగ్గురి గతి సరిగ్గా రాస్తేనే పుస్తకం ఆ ముగ్గురినీ అచ్చు వేసి ఖాయం చేస్తుంది. దీన్ని వాడుకోవచ్చు: ఇద్దరు ఖాయంగా తెలిసి మూడో మనిషి మీద అనుమానముంటే, ఆ మూడో గడిలో పేర్లు ఒక్కోటీ మార్చి చూడండి. సగం మోసమే గానీ చివరి పదిమంది దగ్గర అందరూ చేసేదే. పుస్తకంలో ముఖం మసకగా ఉంటే ఆ మనిషి గురించి ఆధారం ఇంకా చూడలేదని అర్థం. అలాంటివాళ్ళ మీద బుర్ర బద్దలు కొట్టుకోకండి.

బొమ్మంతా రెండే రంగుల్లో చుక్కలు చుక్కలుగా ఉంటుంది. గంట దాటితే తల తిరిగినట్టు అనిపించవచ్చు. సెట్టింగుల్లో పాత మానిటర్ల రంగులున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసి కంటికి నప్పింది ఉంచుకోండి. ఒక్కసారే ఆడగలం, జవాబు తెలిశాక రెండోసారి ఏమీ మిగలదు. అయినా డబ్బుకు సరిపోతుంది.

సెలెస్ట్

2018. కొండ ఎక్కే ఆట. దూకడం, డాష్, పట్టుకోవడం, అంతే. తెర తెరకూ సేవ్ కాబట్టి లైట్ పోయినా పోయేది ఒక్క గది. వందలసార్లు చస్తాం, చచ్చిన సెకనులోపే మళ్ళీ లేస్తాం, అందుకే కోపం రాదు. ఇబ్బంది కీబోర్డుతో. కొన్ని ల్యాప్‌టాప్ కీబోర్డులు మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని మింగేస్తాయి. పైకి, కుడికి, డాష్ కలిపి నొక్కినప్పుడు పాత్ర నేరుగా కుడికే పోతుంటే తప్పు మీ వేళ్ళది కాదు. డాష్‌ను వేరే మీటకు మార్చండి, లేదా తీగ ఉన్న గేమ్‌ప్యాడ్ పెట్టుకోండి. జుట్టు ఎర్రగా ఉంటే డాష్ ఉన్నట్టు, నీలమైతే అయిపోయినట్టు. అసిస్ట్ మోడ్‌లో వేగాన్ని సగందాకా తగ్గించుకోవచ్చు. సిగ్గుపడాల్సిన పని లేదు. స్ట్రాబెర్రీలన్నీ ఏరాలన్న పట్టుదల మాత్రం వద్దు, కథకు వాటితో పనిలేదు.

హేడీస్

2020లో సూపర్‌జెయింట్ నుంచి వచ్చింది. పాతాళం నుంచి పారిపోయే యువరాజు కథ. ఒక్క ప్రయత్నం అరగంట అటూ ఇటూ. గది మధ్యలో లైట్ పోతే ఆ గది మొదట్లోకి వెళ్తాం, మిగతా పరుగంతా భద్రం. కథ ముగియాలంటే పదిసార్లు బయటపడాలి. మాటలు విపరీతం, ఇంగ్లీషు బాగా రావాలి. గాడ్ మోడ్ పెడితే దెబ్బలు 20 శాతం తగ్గుతాయి, చచ్చినప్పుడల్లా ఇంకో 2 శాతం, 80 దాకా. మొదట్లో దొరికే చీకటి రాళ్ళన్నీ, వాటితో శక్తులు కొనుక్కునే అద్దం దగ్గర, చావును తప్పించే వరానికే పెట్టండి.

సమస్య వేడి. ఐదింటిలో ల్యాప్‌టాప్‌ను నిజంగా కాల్చేది ఇదే. మా వైపు ఎండ 45 దాటే రోజుల్లో ఫ్యాన్ ఎంత తిరిగినా పది నిమిషాలకు ఆట నత్తనడక పడుతుంది, సరిగ్గా బాస్ దగ్గర. రిజల్యూషన్ 720కి దించండి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితి 100 నుంచి 99కి తగ్గించండి. ఆ ఒక్క అంకెతో టర్బో (ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకోవడం) ఆగిపోయి వేడి కళ్ళకు కనిపించేంత తగ్గుతుంది, ఆటలో తేడా తెలియదు. పరుపు మీద పెట్టి ఆడకండి. గనుల దగ్గర ఉండేవాళ్ళు రెండు నెలలకోసారి వెనుక మూత తీసి ఫ్యాన్ రెక్కలు బ్రష్‌తో దులపాలి. బొగ్గు పొడి మామూలు దుమ్ములా ఊదితే పోదు, జిడ్డుగా అంటుకుని ఉంటుంది. దులిపేటప్పుడు రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. ఇవన్నీ చేసినా మే నెల మధ్యాహ్నం దీన్ని తెరవకండి, డిసెంబరుకు దాచుకోండి.